వేదింపులా, వేధింపులా? ఒక బోర్డు కథ

గాంధీనగర్ ప్రూఫ్‌రీడర్, విజయవాడ:

సభ్యులకు నమస్కారం. మా ప్రెస్సుకు నిన్న ఒక బోర్డు పని వచ్చింది. ఊళ్ళోని ఒక సంస్థ, పేరు వద్దు లెండి, తమ కార్యాలయం గోడకు తగిలించడానికి నాలుగు వాక్యాలు పంపింది. మొదటి వాక్యం "పని ప్రదేశంలో వేదింపులు నేరం". ద కింద ఒత్తు లేదు. ఒత్తు పెట్టి ప్రూఫు పంపితే అక్కడి మేనేజరు ఫోను చేసి, "ఎలా రాసినా అర్థమవుతుంది కదండీ, దీనికోసం మళ్ళీ ఒక రోజు ఆలస్యమా?" అన్నారు.

ఎలా రాసినా అర్థం కాదు. వేధ అంటే గుచ్చడం, తూటు పొడవడం. పిల్లలకు చెవులు కుట్టించే వేడుక కర్ణవేధ. చప్పుడును బట్టి కొట్టగల విలుకాడు శబ్దవేధి. కుండ మునిగిన చప్పుడు విని, ఏనుగు అనుకుని దశరథుడు మునికుమారుడి మీద వేసిన బాణం అలాంటిదే. మన వేధింపు ఆ వేధ నుంచి వచ్చింది. ఒత్తు తీసేస్తే ధాతువే మారిపోతుంది. వేదన, నివేదన, ఆవేదన అన్నీ 'విద్' కుటుంబం. తెలియడం, అనుభవానికి రావడం, తెలియజేయడం వాటి పని. ఆ లెక్కన ఒత్తు లేని ఈ బోర్డు, తెలియజేయడమే నేరం అంటోంది! మేనేజరు గారి మనసులో ఉన్నమాట అదేనేమో అని నాకొక పాడు అనుమానం.

అసలు సందేహం వేరే ఉంది. బోర్డు ఇంగ్లీషు ప్రతిలో బుల్లీయింగ్, హరాస్‌మెంట్ అని రెండు మాటలున్నాయి. తెలుగు ప్రతిలో రెండింటికీ వేధింపులే. మొదటిదానికి వేరే మాట ఎవరైనా చెప్పగలరా?

మిర్చి యార్డు గుమాస్తా, గుంటూరు:

మాటలకు కరువా మాస్టారూ! కమీషన్ కొట్టులో ముప్పై ఏళ్ళు లెక్కలు రాసినవాణ్ణి, నన్ను అడగండి. యజమాని మనిషిని వేపుకుతింటాడు, కాల్చుకుతింటాడు, పీక్కుతింటాడు, నంజుకుతింటాడు. మనవాళ్ళు బాధపెట్టడాన్నంతా వంటింట్లో పెట్టారు. ఇవి కాక రాచిరంపాన పెట్టడం, దబాయించడం ఉన్నాయి. జులుం, సతాయింపు ఉర్దూ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాయి. బోర్డు మీద "ఈ కార్యాలయంలో ఎవరూ ఎవరినీ వేపుకుతినరాదు" అని రాయండి. చదవనివాడుండడు.

పటమట పంతులమ్మ:

గుమాస్తా గారి బోర్డుకే నా ఓటు! ఆయన వంటింటి మాటలు చెప్పారు కాబట్టి నేను ఆయుధశాల మాటలు చెబుతాను. ఎత్తిపొడుపు, దెప్పిపొడుపు, సూటిపోటి మాటలు. అన్నింట్లోనూ పొడవడమే, పోటే. సంస్కృతం వేధ అన్నచోట తెలుగు పొడుచు అంది. రెండు భాషలూ విడివిడిగా ఆలోచించి, మాట అనేది గుచ్చుకునే వస్తువన్న ఒకే సంగతికి వచ్చాయి.

మీరడిగినదానికి నాకు అన్నింటికంటే దగ్గరగా తోచేది సాధింపు. పరీక్షలో ర్యాంకు సాధించడం, కోడలిని సాధించడం ఒకే క్రియ. పట్టు వదలకపోవడం రెండింటికీ ఉమ్మడి. సెలవు అడిగితే ఇవ్వకపోవడం, ఇచ్చిన పనిలో రోజూ తప్పులు వెతకడం, అందరినీ సమావేశానికి పిలిచి ఒక్కరిని వదిలేయడం, ఇవన్నీ సాధింపులే. విడివిడిగా చూస్తే ఒక్కటీ నేరంలా కనబడదు.

గుణదల సభ్యుడు:

'కార్యస్థాన పీడనము' అని నా సూచన.

గాంధీనగర్ ప్రూఫ్‌రీడర్:

అయ్యా, అది బోర్డు మీద పెడితే వాతావరణ శాఖ హెచ్చరిక అనుకుంటారు. అల్పపీడనం పక్కన ఇంకొకటి.

అరండల్‌పేట న్యాయవాది, గుంటూరు:

మీ చర్చ ముచ్చటగా ఉంది కానీ ఇందులో ఒక ప్రమాదం ఉంది. వేధింపు అన్న ఒకే మాట అన్నింటికీ సరిపోతోంది కాబట్టి, అన్నింటికీ ఒకే చట్టం ఉందని జనం అనుకుంటున్నారు. అలాంటి చట్టం లేదు.

2013 చట్టం పూర్తి పేరు చదవండి: పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణ, నిషేధం, పరిష్కార చట్టం. మహిళలపై, లైంగిక అన్న రెండు మాటలే దాని సరిహద్దు రాళ్ళు. దీనికి ముందు 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు విశాఖ కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. (మన విశాఖపట్నం కాదండీ! అది రాజస్థాన్ మహిళా సంస్థ పేరు. చాలామంది పొరబడతారు.) పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి పై హోదాలోని మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మహిళలు ఉండాలి, ఒకరు బయటి వ్యక్తి కావాలి. పదిమంది లేని కొట్లలో పనిచేసేవారికి, లేదా యజమాని మీదే ఫిర్యాదు అయితే, జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. ఫిర్యాదు 3 నెలల్లోగా ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చు. విచారణ 90 రోజుల్లో ముగియాలి.

పంతులమ్మ గారు చెప్పిన సాధింపుకు మాత్రం, అందులో లైంగికమైనదేదీ లేనప్పుడు, నేరుగా ఒక చట్టం లేదు. ముక్కలు ఏరుకోవాలి. దళితులను, గిరిజనులను నలుగురి ఎదుట కావాలని అవమానిస్తే 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. వికలాంగులకు 2016 హక్కుల చట్టంలో అలాంటి సెక్షనే ఉంది. బెదిరింపుకు భారతీయ న్యాయ సంహిత 351, శాంతిభంగానికి రెచ్చగొట్టేలా అవమానిస్తే 352. కార్మికుడిని కక్షతో తొలగించడం, సంస్థ విధానం ముసుగులో దురుద్దేశంతో బదిలీ చేయడం 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోనే 'అనుచిత కార్మిక పద్ధతుల' జాబితాకెక్కాయి. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ జాబితాను ఉంచింది. అయితే అది కార్మికుడి నిర్వచనంలోకి వచ్చేవారికే. మేనేజరును ఆపై మేనేజరు సాధిస్తే ఆ తలుపు తెరుచుకోదు.

ఈ చిక్కు మన ఒక్కరిదే కాదు. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం హరాస్‌మెంటును నిషేధిస్తుంది కానీ, అది వయసు, జాతి, మతం, వైకల్యం వంటివాటితో ముడిపడి ఉండాలి. బుల్లీయింగ్ దానంతట అదే చట్టవిరుద్ధం కాదు. ఆస్ట్రేలియాలో 2014 నుంచి దాన్ని ఆపమని ఆదేశం తెచ్చుకోవచ్చు. అక్కడి నిర్వచనంలో కీలకం, పదేపదే జరగడం.

పటమట పంతులమ్మ:

పదేపదే అన్నది తెలుగు ముందే చెప్పింది చూడండి! మనం వేధింపు అని ఏకవచనంలో ఎప్పుడైనా అంటామా? వేధింపులు, సాధింపులు, ఎత్తిపొడుపులు.

అరండల్‌పేట న్యాయవాది:

బాగుంది కానీ ఆ బహువచనం ఒకచోట తప్పుదారి పట్టిస్తుంది. 2013 చట్టం కింద ఒక్క సంఘటన చాలు. "ఒకసారే కదా జరిగింది" అని ఊరుకున్నవాళ్ళను చూశాను.

కొత్తపేట అకౌంటెంటు, గుంటూరు:

ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నదాన్ని, ఇప్పుడు రాయకుండా ఉండలేకపోతున్నాను. నాలుగేళ్ళ కిందట నేను పనిచేసిన చోట ఫిర్యాదు ఇచ్చాను. ఒకే వాక్యం: "నన్ను కొంతకాలంగా వేధిస్తున్నారు, దయచేసి న్యాయం చేయండి." కమిటీ వారు అడిగిన మొదటి ప్రశ్న, "ఎవరు? ఎంతమంది?" నేను మర్యాద కోసం 'రు' పెట్టాను, వాళ్ళకు అది గుంపులా కనబడింది. కర్త పేరు రాయలేదు. తెలుగులో కర్త లేకుండా ఎంత దూరమైనా వెళ్ళిపోవచ్చు కదా!

రెండో గొడవ బోర్డు మాటతో వచ్చింది. అక్కడ 'అవాంఛనీయ ప్రవర్తన' అని రాసి ఉంది. ఆ వ్యక్తి, "నేను చేసినది అవాంఛనీయమేమీ కాదు, సరదాగా అన్నాను, అందరూ నవ్వారు" అని వాదించాడు. దీని మీద మీ అభిప్రాయం కావాలి.

గాంధీనగర్ ప్రూఫ్‌రీడర్:

అమ్మా, మీరు పట్టుకున్నది ఈ చర్చలో అన్నింటికంటే పెద్ద తప్పు. మా బోర్డులోనూ అదే మాట ఉంది, నేను చూసీ చూడనట్టు వదిలేశాను. సిగ్గుగా ఉంది. వాంఛనీయం అంటే కోరదగినది. అవాంఛనీయం అంటే కోరదగనిది. ఏది తగును, ఏది తగదు అని లోకం తేలుస్తుంది. బందోబస్తు వార్తల్లో 'అవాంఛనీయ సంఘటనలు' అన్నట్టు. వాంఛితం అంటే ఒకరు కోరుకున్నది. అవాంఛితం అంటే ఆ మనిషి కోరుకోనిది. చట్టంలోని ఇంగ్లీషు మాట 'అన్‌వెల్‌కమ్'కు అర్థం ఈ రెండోది. నలుగురూ నవ్వారా లేదా అన్నది కాదు, ఆవిడకు ఇష్టమా కాదా అన్నదే ప్రశ్న. ఒక్క ప్రత్యయం తేడాతో తీర్పు చెప్పే హక్కు ఆవిడ చేతిలోంచి నవ్వినవాళ్ళ చేతిలోకి పోయింది. 'ఇష్టం లేని ప్రవర్తన' అంటే ఈ గొడవే ఉండదు. అలాగే మారుస్తున్నాను.

అరండల్‌పేట న్యాయవాది:

అకౌంటెంటు గారి మొదటి మాట మీద నాదొక విన్నపం. ఫిర్యాదు అన్నది ఫారసీ మాట, అక్కడ దానికి మొర, ఆర్తనాదం అని అర్థం. మనవాళ్ళు ఆ అర్థాన్ని వదలకుండా మొరలాగే రాస్తున్నారు. కమిటీకి మొర కాదు, వివరం కావాలి. నామవాచకం తీసేసి క్రియలు రాయండి. తేదీ, గంట, చోటు, ఎదురుగా ఎవరున్నారు, ఆయన ఏమన్నారు. అన్నమాటను అన్నట్టుగా, కొటేషన్లలో, తెలుగు లిపిలో రాయండి. "అసభ్యంగా మాట్లాడారు" అని రాస్తే అది మీ అభిప్రాయం అవుతుంది. ఆ మాటే రాస్తే సాక్ష్యమవుతుంది. రాయడానికి చేయి రాదు, నిజమే. అయినా రాయాలి.

పటమట పంతులమ్మ:

తెలుగు లిపిలోనే ఎందుకో నేను చెబుతాను. మన భాషలో అవమానం చాలాసార్లు క్రియ చివర ఉంటుంది. యాభై ఏళ్ళ మనిషిని, నిన్నటిదాకా మీరు అన్నవాడు, అందరి ముందు "ఫైలు తెచ్చావా?" అన్నాడనుకోండి. ఇంగ్లీషు మినిట్స్‌లోకి ఎక్కించగానే అది ఫైలు గురించిన అమాయకమైన ప్రశ్న అయిపోతుంది. మీరు, నువ్వు అక్కడ ఒకటే. ఏమే, ఏరా అయితే ఆనవాలు కూడా మిగలవు.

మిర్చి యార్డు గుమాస్తా:

నాకు మొదటి యజమాని ఏరా అనేవారు, ప్రేమగా. రెండో ఆయన మీరు అనేవారు, ఆ మీరులో వాతలు తేలేవి. ఇదెలా రాయాలి వకీలు గారూ?

అరండల్‌పేట న్యాయవాది:

దానికి సెక్షను లేదు మాస్టారూ.

కొత్తపేట అకౌంటెంటు:

బుల్లీయింగ్‌కు తెలుగు మాట సంగతి తేలలేదు. ర్యాగింగ్ అనే మాటను మనం అనువదించలేదు కదా. 1997లో మన రాష్ట్రం చేసిన నిషేధ చట్టం పేరులోనే అది ఉంది. పల్లెల్లోనూ తెలుసు. విద్యార్థికి ఆ రక్షణ ఉండి, వాడే రేపు ఉద్యోగంలో చేరగానే లేకపోవడం నాకు వింతగా ఉంటుంది.

గాంధీనగర్ ప్రూఫ్‌రీడర్:

అయితే సాధింపు మాట పంతులమ్మ గారి పేరు మీద ఖరారు చేస్తున్నాను. రెండో వాక్యం ఇలా మార్చి పంపాను: "తోటివారిని బెదిరించడం, నలుగురిలో చిన్నబుచ్చడం, పదేపదే సాధించడం ఈ కార్యాలయంలో సహించబడవు." సహించబడవు అన్న కర్మణి నాకే నచ్చలేదు. యాజమాన్యం "సహించము" అనడానికి ఒప్పుకోలేదు. కర్త మళ్ళీ తప్పించుకున్నాడు.

ఇంకొకటి. లైంగిక వేధింపులకు పడే శిక్షలతో పాటు అంతర్గత కమిటీ నియామకపు ఉత్తర్వునూ అందరికీ కనబడేచోట ప్రదర్శించాలని 2013 చట్టంలోనే ఉందని వకీలు గారు ఫోనులో చెప్పారు. కమిటీ వేయకపోతే యజమానికి 50,000 రూపాయల దాకా జరిమానా పడవచ్చట. బోర్డు కింద నాలుగు గీతల ఖాళీ వదిలి, సభ్యుల పేర్లు పంపమని మేనేజరు గారికి కబురు చేశాను. ఒత్తు గురించి పది నిమిషాల్లో ఫోను చేసిన మనిషి, మూడు రోజులైంది, ఇంకా పలకలేదు.