పాత అంబాసిడర్: ఆల్టర్నేటరు దగ్గర 14.3, బ్యాటరీ దగ్గర 12.8 వోల్టులు

ప్రశ్న (అనంతపురం):
మా అంబాసిడరుకు డైనమో తీసేసి 35 ఆంపియర్ల ఆల్టర్నేటరు (ఇంజనుతో తిరుగుతూ బ్యాటరీని ఛార్జి చేసేది, డైనమోకు కొత్త రూపం) బిగించి చాలా ఏళ్లయింది గాని, వైరింగు మాత్రం డైనమో నాటిదే. రాత్రిపూట గుత్తి మీదుగా కర్నూలు వెళ్తే హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి, మరునాడు సెల్ఫ్ అందుకోవడం లేదు. లైట్లు వేసి, ఇంజను కాస్త రేజు చేసి కొలిస్తే ఆల్టర్నేటరు బోల్టుకూ దాని బాడీకీ మధ్య 14.3 వోల్టులు, బ్యాటరీ దగ్గర 12.8 ఉన్నాయి. ఆల్టర్నేటరే మార్చాలని మెకానిక్కు అంటున్నారు. నిజంగా అవసరమా?

జవాబు (కర్నూలు):
అవసరం లేదండి. 14.3 ఇస్తున్నదంటే ఆల్టర్నేటరు తన పని చేస్తున్నట్టే; తగ్గిన ఒకటిన్నర వోల్టు దారిలో ఎక్కడో వేడిగా మారి పోతోంది. అదే స్థితిలో మల్టీమీటరు ఒక మొనను ఆల్టర్నేటరు బి ప్లస్ బోల్టు (కరెంటు బయటికి వచ్చేది) మీద, రెండో మొనను బ్యాటరీ ప్లస్ సీసపు పోలు మీద, అంటే క్లాంపు మీద కాకుండా పోలు మీదే, పెట్టి చూడండి. 0.3 దాటకూడదు. ఆ తరువాత ఆల్టర్నేటరు బాడీకీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కొలవండి, అక్కడ 0.2 దాటితే ఎర్త్, అంటే కరెంటు ఇంజను, బాడీల గుండా తిరిగి వచ్చే దారి, బాగోలేనట్టు.

ప్రశ్న అడిగినవారు:
ప్లస్ వైపు 1.1, ఎర్త్ వైపు 0.4 వచ్చాయి. డాష్‌బోర్డు వెనుక ఆంపియర్ మీటరు లగ్గు (వైరు చివరి లోహపు కొస) దగ్గర వైరు తొడుగు నల్లబడి, వేలితో నొక్కితే పొడిగా రాలుతోంది.

జవాబు (ప్రొద్దుటూరు):
దొంగ దొరికాడు. డైనమో ఇచ్చేది 20 ఆంపియర్ల చుట్టుపక్కలే కాబట్టి ఛార్జింగు కరెంటునంతా ఆంపియర్ మీటరు గుండా తిప్పినా అప్పట్లో చెల్లింది. ఇప్పుడు 20 ఆంపియర్లు పారినా ఆ 1.1 వోల్టు దగ్గర 22 వాట్ల వేడి పుడుతుంది. బి ప్లస్ నుండి సెల్ఫ్ సాలినాయిడులో (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు) బ్యాటరీ కేబులు వచ్చే బోల్టుకు 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరును నేరుగా లాగి, బ్యాటరీ వైపు చివర 50 ఆంపియర్ల ఫ్యూజు పెట్టించండి. రెండు మీటర్ల పొడవులో, 35 ఆంపియర్లు పారినా, ఈ వైరులో తగ్గేది 0.2 వోల్టే. ఆంపియర్ మీటరు నుండి ఆల్టర్నేటరుకు వెళ్లే పాత వైరును విప్పి, చివర మూసేయండి. ఛార్జింగు కరెంటు ఇక ఆ మీటరు గుండా రాదు, ఆ పైన దాని ముల్లు ఎప్పుడూ డిశ్ఛార్జి వైపే ఉంటుంది కనుక దాని బదులు వోల్టు మీటరు మేలు. కాలిన లగ్గును మాత్రం తప్పక మార్చించండి, లైట్ల కరెంటు ఇంకా అక్కడి నుండే పోతుంది. ఇంజను రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది గనుక ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని కూడా పెయింటు గీకి కొత్తగా బిగించాలి.

జవాబు (కర్నూలు):
పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ విప్పండి, ఎందుకంటే బి ప్లస్ వైరులో ఇంజను ఆగి ఉన్నా కరెంటు ఉంటుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ కేబులు పీకి ఆల్టర్నేటరును పరీక్షించే అలవాటు మన షెడ్లలో ఇంకా ఉంది; దానికి ఒప్పుకోకండి, ఆల్టర్నేటరు లోపల ఏసీని డీసీగా మార్చే డయోడ్లు అప్పటికప్పుడే పోవచ్చు. ఛార్జింగు లైటులో పాత బల్బునే ఉంచండి. దాని గుండా వెళ్లే కరెంటే ఆల్టర్నేటరును మేల్కొలుపుతుంది, ఎల్‌ఈడీ వేస్తే ఇంజను బాగా రేజు చేసేదాకా ఛార్జింగు మొదలుకాకపోవచ్చు.