ఆఫీసు కౌన్సెలింగ్‌కి అమ్మను తీసుకెళ్లొచ్చా?

నేను మాదాపూర్‌లో ఐటీ ఉద్యోగినండీ. నాన్న పోయి ఏడు నెలలైంది. అప్పటి నుంచి అమ్మ కూకట్‌పల్లిలో మా దగ్గరే ఉంటోంది. రాత్రి రెండింటికి లేచి చూస్తే వంటింట్లో లైటు వేసుకుని, ఏరిన బియ్యమే మళ్లీ ఏరుతూ కూర్చుంటుంది. "నిద్ర పట్టలేదురా" అంటుంది, అంతే.

ఉద్యోగులకీ, ఇంట్లోవాళ్లకీ కౌన్సెలింగ్ ఉచితమని మా ఆఫీసు లిఫ్ట్ పక్కన పోస్టర్ ఉంది. ఇంట్లోవాళ్లంటే భార్యాపిల్లలేనా, అమ్మ కూడానా? హెచ్‌ఆర్‌ని అడగాలంటే టెన్షన్, వచ్చే నెలలోనే అప్రైజల్ మరి. ఇలాంటిది వాడుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? చెప్పుకున్నది మేనేజర్ దాకా వెళ్తుందా? అమ్మకి తెలుగు తప్ప రాదు, తెలుగు కౌన్సెలర్‌ని ఇస్తారా?

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 గురించి తెలుసు. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడతారు. ఒకసారి నేనే కలిపి ఇచ్చాను. అమ్మ "అంతా బాగానే ఉందమ్మా, మీరు భోంచేశారా" అని అడిగి పెట్టేసింది! ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితే "నాకేమన్నా పిచ్చా" అని రెండు రోజులు మాట్లాడలేదు.

ఎదురుగా కూర్చుని ఓపిగ్గా వినే మనిషి కావాలి. కూకట్‌పల్లి, మియాపూర్ వైపు అలాంటివారెవరైనా తెలిస్తే చెప్పండి. ఫీజు ఎంతుంటుందో కూడా.