ఆదివారం ఐదు నిమిషాల స్టార్టింగ్: బుల్లెట్‌కు మేలా, చేటా?

పల్నాడు బుల్లెట్
నా బండి 2017 క్లాసిక్ 350, కార్బురేటర్ మోడల్. నేను డాలస్‌లో, బండి నరసరావుపేటలో. ఏడాదికోసారి వచ్చి నెల రోజులు తిప్పుతాను. మిగతా పదకొండు నెలలూ నాన్న ప్రతి ఆదివారం టిఫిన్ అయ్యాక స్టార్ట్ చేసి, నిలబెట్టే ఐదు నిమిషాలు ఆడించి ఆపేస్తారు. గేటు కూడా దాటించరు. మొన్న జనవరిలో ఆయిల్ పోసే మూత విప్పితే లోపలంతా తెల్లగా, వెన్నలాంటి జిగురు. మా బావ చూసి "గ్యాస్కెట్ (ఇంజిన్ అతుకుల మధ్య సీలు) పోయింది, నీళ్లు దిగుతున్నాయి" అన్నాడు. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) లేని బండిలో దిగడానికి నీళ్లెక్కడివి? నాన్నను ఈ ఆదివారం పని మానేయమనాలా, వద్దా?

నలభై ఏళ్ల రెంచి
మాన్పించొద్దు బాబూ. ఏడాది పాటు మూలన పడేసిన బళ్లు నా దగ్గరికి ఎలా వస్తాయో మీకు తెలియదు. క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి, బోరు (పిస్టన్ ఆడే గొట్టం) తుప్పు పట్టి, కార్బురేటర్ జెట్‌లో (పెట్రోలు వెళ్లే సన్న కన్నం) పెట్రోలు బంకలా గట్టిపడి వస్తాయి. మీ నాన్నగారు చేసేది మంచి పనే. మూత కింద తెలుపు చలికాలంలో మామూలే, గుడ్డతో తుడిచేయండి.

లెక్కల మాస్టారు
రెంచి గారి అనుభవం ముందు నేను చిన్నవాణ్ణే, కానీ ఇక్కడ ఒప్పుకోలేను. బావగారు అన్న గ్యాస్కెట్ కాదు. ఆ నీళ్లు పెట్రోల్లోంచి వచ్చాయి.

లీటరు పెట్రోలు కాలితే సుమారు లీటరు నీళ్లు పుడతాయి. వేడి మీద ఆవిరై సైలెన్సర్ గుండా పోతాయి కాబట్టి మనకు కనిపించవు. పొద్దున్నే సైలెన్సర్ చివర కారే చుక్కలు అవే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పిస్టన్‌కూ బోరుకూ మధ్య సందు కాస్త ఎక్కువ. రింగుల పక్కనుంచి పొగ, ఆవిరి కిందికి క్రాంక్‌కేస్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే పెట్టెలోకి, జారతాయి. అక్కడ గోడలింకా చల్లగా ఉంటాయి, అన్నం గిన్నె మూతకు పట్టినట్టు చెమ్మ పడుతుంది, ఆయిల్‌తో కలిసి చిలికినట్టవుతుంది. అదే మీ వెన్న.

"గాల్లో తేమ వల్ల కదా?" అని ఎవరో అంటారు, అందుకే ముందే లెక్క చెబుతున్నా. 30 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి పట్టుకోగలిగే తేమ దాదాపు 30 గ్రాములు. క్రాంక్‌కేస్‌లో ఖాళీ రెండు లీటర్లనుకుంటే అందులో ఉండేది 0.06 గ్రాము. ఐదు నిమిషాల్లో 30 మిల్లీలీటర్ల పెట్రోలు కాలిందనుకుందాం. పుట్టిన నీళ్లలో వందో వంతు కిందికి జారినా 0.3 గ్రాము, అంటే గాలి తేమకు ఐదింతలు. అది కూడా ప్రతి వారం. ఆ నీరు మళ్లీ ఆవిరై బ్రీదర్ గొట్టం గుండా పోవాలంటే ఆయిల్ 80, 90 డిగ్రీల దాకా కాగి కాసేపు అలాగే ఉండాలి. ఐదు నిమిషాల్లో హెడ్డు (ఇంజిన్ పైభాగం) చెయ్యి పెట్టలేనంత కాలుతుంది గానీ కింద ఆయిల్ గోరువెచ్చగానే ఉంటుంది. మనం ఫిన్నుల (ఇంజిన్ బయటి రెక్కల) మీద చెయ్యి పెట్టి "బాగా వేడెక్కింది" అనుకుంటాం.

పైగా చోక్ వేసి ఆడిస్తే ప్లగ్గు నల్లబడుతుంది, సైలెన్సర్ లోపల నీళ్లు నిలిచి తుప్పు పడుతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ వదిలిన ఛార్జి ఆ కాసేపట్లో తిరిగి రాదు.

హైదరాబాద్ సెల్ఫ్ స్టార్ట్
అయితే ఐదుకు బదులు అరగంట ఆడిస్తే సరి!

లెక్కల మాస్టారు
వద్దు తమ్ముడూ. మన బండికి గాలే కూలెంట్. నిలబెట్టి అరగంట ఆడిస్తే హెడ్డు మాడుతుంది, ఆయిల్ మాత్రం ఇంకా వెనకే ఉంటుంది. రోడ్డెక్కితేనే రెండూ కుదురుకుంటాయి.

పాడేరు ఘాట్ రోడ్
మాస్టారు చెప్పింది నిజమని నా బండే సాక్ష్యం. ఇల్లు బడికి మూడు కిలోమీటర్లు. డిసెంబరులో లంబసింగి వైపు చలి గురించి చెప్పక్కర్లేదు. రోజూ నడిపే బండే, అయినా మూత కింద తెలుపు. వారానికోసారి నర్సీపట్నం దాకా ఘాట్ దిగి ఎక్కితే మాయం. ఇంకోటి: తిరిగింది తక్కువని ఆయిల్ మార్చడం వాయిదా వేయకండి. నేను కిలోమీటర్లు చూడను, చలికాలం పోగానే మార్చేస్తా.

సింగ్‌నగర్ వాసి
బావ మాట పూర్తిగా కొట్టేయకండి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు మా బండి సీటు దాకా మునిగింది. తర్వాత ఆయిల్ మట్టం చూసే గాజు కన్నంలో చూస్తే ఆయిల్ మొత్తం పాలెక్కువైన టీ రంగు. స్టార్ట్ చేయకుండా తోసుకెళ్లి, ఆయిల్ తీసి పోసి, కాసేపు ఆడించి మళ్లీ తీసి, మూడోసారికి రంగు తేరింది. మూత దగ్గర మాత్రమే తెలుపుంటే చెమ్మ. కన్నంలో కూడా తెలుపుంటే బయటి నీళ్లు, వరదవైనా సర్వీసింగ్ ప్రెషర్ గన్‌వైనా. అనుమానమైతే రెండు చుక్కలు పాత గరిటెలో వేసి స్టవ్ మీద పెట్టండి, కాస్త ఎడంగా నిలబడి. నీళ్లుంటే చిటపటలాడుతుంది. (మా ఇంట్లో ఆ గరిట పెద్ద గొడవే తెచ్చింది, మంచి గరిట ముట్టుకోకండి.)

నలభై ఏళ్ల రెంచి
మాస్టారూ, మీ 0.3 గ్రాము ఒప్పుకుంటా. నిజం చెప్పాలంటే, ఆదివారం బళ్ల సైలెన్సర్లు కింద చిల్లు పడి రావడం నేనూ చూశా, కారణం ఇలా ఆలోచించలేదు. కానీ కదలని బండి పాడవుతుందన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. మీ లెక్కలో క్లచ్ ప్లేట్లు లేవు, జెట్టు లేదు.

లెక్కల మాస్టారు
వాటికి ఇంజిన్ మండక్కర్లేదు కదండీ. తాళం ఆఫ్‌లో పెట్టి, న్యూట్రల్‌లో నెమ్మదిగా పది కిక్కులు. ఆయిల్ పైకి పాకుతుంది, మంట లేదు కాబట్టి నీళ్లు పుట్టవు. తర్వాత క్లచ్ పట్టుకుని గేరులో రెండడుగులు ముందుకీ వెనక్కీ తొయ్యాలి. కార్బురేటర్ బౌల్ కింది స్క్రూ వదులు చేసి పెట్రోలు ఖాళీ చేసి, ట్యాప్ కట్టేస్తే జెట్టు సంగతీ అయిపోయింది. బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. మూలన పెట్టేముందు కొత్త ఆయిల్, 15డబ్ల్యూ-50 (చిక్కదనం) జాసో ఎంఏ (బైక్ ఆయిల్ ప్రమాణం). పాతదాంట్లో నీళ్లతో పాటు ఆమ్లాలూ ఉంటాయి, పదకొండు నెలలు బేరింగులు అందులో నానకూడదు.

నలభై ఏళ్ల రెంచి
అరవై దాటిన మనిషి చేత పది కిక్కులు కొట్టిస్తారా? చీలమండ పోతుంది. ఎవరైనా కుర్రాడు నెలకోసారి పాతిక కిలోమీటర్లు తిప్పితే చాలు, ఈ తంతంతా అక్కర్లేదు.

పల్నాడు బుల్లెట్
కన్నంలో ఆయిల్ మామూలు రంగే ఉంది, నాన్నతో ఫొటో తీయించా. గరిట టెస్ట్ అమ్మ పడనివ్వలేదు. రెంచి గారి మాటే మా ఇంట్లో నడిచింది. కార్తీకంలో కోటప్పకొండకు పక్కింటి కుర్రాడు నడిపేలా, నాన్న వెనక కూర్చునేలా ఒప్పందం, ఆ తర్వాత నెలకోసారి. వెళ్లి రావడానికి పాతిక కిలోమీటర్లు అవుతుంది. ముందు ఆయిల్ మార్పిస్తున్నా. ఒక్కటే చిక్కు, ఆ కుర్రాడికి బుల్లెట్ ఇస్తే పాతికతో ఆగుతాడా అని నాన్న అడుగుతున్నారు.

పాడేరు ఘాట్ రోడ్
ఆగకపోతే ఆయిల్‌కే మంచిది సార్.