నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో పిల్లలతో సగం రోజు గడుస్తుందా?

వరంగల్ అమ్మ:
వచ్చే శుక్రవారం పొద్దున నాంపల్లి స్టేషన్‌లో దిగుతాం, మళ్ళీ రాత్రికే బండి. ఎనిమిదేళ్ళ బాబు, ఐదేళ్ళ పాప. వాడికి ఈజిప్టు మమ్మీ పిచ్చి పట్టుకుంది. లగేజీ, ఎండ తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. పబ్లిక్ గార్డెన్స్‌కి వెళ్ళొచ్చా?

నాంపల్లి పాతకాపు:
శుక్రవారం వద్దమ్మా, తోటలో మమ్మీ ఉన్న మ్యూజియానికి సెలవు. అంత దూరం తీసుకొచ్చి మమ్మీ లేదంటే బాబు ఊరుకుంటాడా? వీలైతే టికెట్ శనివారానికి మార్చుకోండి. స్టేషన్ నుంచి దగ్గరే, ఆటో మాట్లాడాల్సిన పని లేదు.

ఆ మమ్మీ పేరు నైషు. దాదాపు 2,500 ఏళ్ళ నాటిది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లు పోసి కొన్నాడని చెబుతారు. ఆయన ఏడో నిజాంకి ఇస్తే, నిజాం 1930లో మ్యూజియానికి ఇచ్చేశాడు. ఇప్పుడు నైట్రోజన్ నింపిన గాజు పెట్టెలో పడుకుని ఉంటుంది. సినిమాలోలాగా లేచి రాదని మీవాడికి ముందే చెప్పండి!

తోట వేయించింది 1846లో. పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ బాగ్-ఎ-ఆమ్ అనే అంటారు. ఒకప్పుడు జూ కూడా ఇందులోనే ఉండేది. 1963లో బహదూర్‌పురాలో నెహ్రూ జూ తెరిచారు, జంతువులు అటు పోయాయి. నన్నడిగితే చెట్ల కంటే తెల్ల కట్టడాలే చూడాలి. జూబ్లీ హాల్, 1913లో టౌన్ హాల్‌గా పూర్తయిన అసెంబ్లీ పాత భవనం. రెండోది బయటి నుంచే సుమా, సమావేశాలుంటే ఆ దరిదాపులకు కూడా పోనివ్వరు.

చిక్కడపల్లి వాకర్:
పాతకాపు గారూ, ఐదేళ్ళ పాపకు జూబ్లీ హాల్ ఏం చూపిస్తారండీ? తోటలోనే జవహర్ బాలభవన్ ఉంది, ముందు అది చూపించమనండి. టికెట్ మారకపోతే శుక్రవారం నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియానికి వెళ్ళండి. ఆదిలాబాద్ వైపు తవ్వకాల్లో దొరికిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. మమ్మీని మరిపించేది ఏదైనా ఉంటే అదొక్కటే.

నాంపల్లి పాతకాపు:
డైనోసార్‌కి నేనూ ఓటేస్తా. కానీ ఆ గుట్ట ఎక్కడానికి మాత్రం ఆటో మాట్లాడుకోండి, పాప ఎత్తుకోమంటుంది.

వరంగల్ అమ్మ:
శనివారానికి టికెట్లు దొరికాయండీ! పొద్దున నైషు, మధ్యాహ్నం డైనోసార్. జూబ్లీ హాల్ మా ఆయనకు చూపిస్తాను.