20×40 స్థలం: మధ్యలో ఓపెన్ వదలాలా, గది వేసుకోవాలా?

కొలబద్ద: మాది 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు. రెండు పక్కలా ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉన్నాయి. మూడంతస్తులు వేస్తున్నాం. ఆర్కిటెక్ట్ నడిమధ్యన 6×8 అడుగులు పైదాకా ఓపెన్‌గా వదలమంటున్నారు. ఇంట్లోవాళ్లు అక్కడ గది కావాలంటున్నారు. ఏం చేయను?

తూర్పుకిటికీ: కళ్లు మూసుకుని వదిలేయండి. పక్క గోడలకు కిటికీలు రావు కాబట్టి వెలుతురు ముందు నుంచి, వెనక నుంచే రావాలి. 40 అడుగుల లోతున్న ఇంట్లో నడిమి గదులకు అది చాలదు, పట్టపగలే లైటు వేసుకోవాలి. వేడి గాలి పైకి పోయే దారి కూడా అదే. జపాన్‌లోని ఒసాకాలో తడావో ఆండో అనే ఆర్కిటెక్ట్ 1976లో కట్టిన ఆజుమా ఇంటికి నాలుగు మీటర్ల వెడల్పు కూడా లేదు. అయినా మధ్యలో మూడోవంతు ఆకాశానికి వదిలేశారు.

పాతమేస్త్రీ: ఆ ఇంట్లో పడకగదిలోంచి బాత్రూమ్‌కు పోవాలంటే వానలో ఆ ఖాళీ దాటాలి. అదీ చెప్పండి. అంతస్తుకు 48 చదరపు అడుగులు, మూడింటికి 144 పోయినట్టే.

నీలిగచ్చు: పైన గాజు వేస్తే సరిపోదా?

తూర్పుకిటికీ: 144 కాదు, 96. కింద ఉన్నది వాడుకునే నేలే. గాజు వేస్తే పక్కల గాలి పోయే సందు వదలాలి, లేదంటే వేడంతా లోపలే ఉంటుంది.

పాతమేస్త్రీ: వానలో ఆ నేలను ఏం వాడతారు? నీళ్లన్నీ ఒక్క జాలీలోంచి పోవాలి. ఆకులు అడ్డుపడితే హాల్లోకే. మా ఇంట్లో జరిగింది.

తూర్పుకిటికీ: అక్కడి నేలను హాలు కంటే దించి, రెండో పైపు వేసి ఉంటే జరిగేది కాదు. మీ ఇంటి మీద కోపం అందరి ప్లాన్ల మీదా చూపిస్తారేంటి?

పాతమేస్త్రీ: అవును, కోపమే. అది మా అమ్మ గది ఉండాల్సిన చోటు. మోకాళ్ల నొప్పులతో రోజూ పైకెక్కి పడుకుంటోంది. ప్లాన్ గీసేటప్పుడు ఆమె ఎక్కడ పడుకుంటుందని ఒక్కరూ అడగలేదు. ఇంటికొచ్చినవాళ్లు మాత్రం వెలుతురు బాగుందని మెచ్చుకుని పోతారు.

మేడమెట్టు: పదడుగుల ఎత్తుకు ఏడంగుళాల మెట్లు 17 దాకా వస్తాయి. ఆ నొప్పులతో కష్టమే.

తూర్పుకిటికీ: ఈ మాట మొదటే చెప్పాల్సింది. అమ్మగారికి కింద గది ఉండాల్సిందే. కానీ దానికి ఓపెన్ ఎందుకు మూయాలి? కారుకు వదిలే చోటు 8×16 అనుకున్నా 128 చదరపు అడుగులు. దాన్నే గది చేయొచ్చు.

కొలబద్ద: మా ఇంట్లోనూ పెద్దవాళ్లు ఇద్దరున్నారు. కారు చోటులో అడుగు కూడా తగ్గించొద్దని అన్నయ్య పట్టుబట్టాడు.

పాతమేస్త్రీ: అయితే ముందు అన్నయ్యతో తేల్చుకోండి. ఓపెన్ సంగతి తర్వాత.