సబ్‌వూఫర్ (కింది బేస్ కోసమే ఉండే స్పీకర్, పొట్టిగా సబ్): 12 అంగుళాలది ఒకటా, 10 అంగుళాలవి రెండా? అసలు ఎక్కడ పెట్టాలి?

వూఫర్_వేట:

గది 16 అడుగుల పొడవు, 12 వెడల్పు, 10 ఎత్తు. టీవీ 12 అడుగుల గోడకి ఉంది. సోఫా ఆ గోడ నుంచి సరిగ్గా 8 అడుగుల దూరంలో, గదికి నట్టనడుమ. ముందు స్పీకర్లు 5 అంగుళాల వూఫర్ ఉన్న బుక్‌షెల్ఫ్‌లు (చిన్న స్పీకర్లు), 5.1 రిసీవర్ (ఐదు స్పీకర్లకీ ఒక సబ్‌కీ శబ్దం పంచేది). ప్రస్తుతం ఉన్న 8 అంగుళాల సబ్ టీవీ యూనిట్‌కి కుడిపక్కన, టీవీ గోడకి మూడడుగుల ఇవతల ఉంది.

సమస్య ఏంటంటే, సోఫాలో కూర్చుంటే కింది బేస్ గల్లంతు. లేచి సోఫా వెనక గోడ దగ్గరికి వెళ్తే మోత మోగిపోతుంది. వాల్యూమ్ పెంచితే వెనక మోత పెరుగుతోంది కానీ సోఫాలో తేడా లేదు. పెద్ద సబ్ కొంటే ఇది పోతుందా? ఒకే బడ్జెట్‌లో రెండు దారులున్నాయి: 12 అంగుళాల పోర్టెడ్ (డబ్బాకి గాలి గొట్టం ఉన్నది) ఒకటి, లేదంటే 10 అంగుళాల సీల్డ్ (డబ్బా పూర్తిగా మూసినది) రెండు. సినిమాలు ఎక్కువ, పాటలు కొంచెం తక్కువ. కుడి గోడ అవతల పక్క ఫ్లాట్.

ఇంకోటి. ఏమీ ప్లే చేయకపోయినా సబ్ నుంచి సన్నగా "గుయ్" మంటూ వస్తుంది. అది సబ్ పోయినట్టా?

డెసిబెల్_దాసు:

కొనే ముందు సోఫా జరపండి. పెద్ద సబ్‌తో ఈ సమస్య పోదు.

లెక్క ఇదీ. శబ్దం సెకనుకి దాదాపు 1125 అడుగులు వెళ్తుంది. దాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే ఆ దిశలో మొదటి రూమ్ మోడ్ (గోడల మధ్య తరంగం నిలిచి మోగే ఫ్రీక్వెన్సీ) వస్తుంది. మీ 16 అడుగులకి 35 హెర్ట్జ్, 12 అడుగులకి 47, 10 అడుగుల ఎత్తుకి 56. మొదటి మోడ్‌లో ఒత్తిడి రెండు గోడల దగ్గరా గరిష్ఠం, సరిగ్గా మధ్యలో దాదాపు సున్నా. మీ సోఫా ఆ సున్నాలోనే ఉంది. పైగా మధ్య సీటు వెడల్పుకి కూడా మధ్యలోనే ఉంటుంది కాబట్టి 47 కూడా అక్కడ పోతుంది. రెండో మోడ్, అంటే 70 హెర్ట్జ్, గది మధ్యలో తిరిగి పీక్‌కి వస్తుంది. అంటే మీ చోట డ్రమ్ దెబ్బ గట్టిగానే ఉంటుంది, దాని కింద ఉండాల్సిన బరువే ఉండదు. గమనించి చూడండి.

12 అంగుళాలది తెచ్చి పెట్టినా 35 హెర్ట్జ్ నల్ (ఆ సున్నా చోటు) అక్కడే ఉంటుంది. ఈక్వలైజర్‌తో పూడుద్దామన్నా కుదరదు: 10 డెసిబెల్స్ పెంచాలంటే ఆంప్ 10 రెట్లు పవర్ ఇవ్వాలి, 100 వాట్స్ చోట 1000. సబ్ చేతులెత్తేస్తుంది, నల్ నిండదు, వెనక గోడ దగ్గర మాత్రం కిటికీలు కదులుతాయి.

సోఫాని రెండున్నర అడుగులు వెనక్కి, అంటే టీవీ గోడ నుంచి పదిన్నర అడుగులకి జరపండి. అక్కడ 35 హెర్ట్జ్ గోడ దగ్గరి స్థాయికన్నా సుమారు 6 డెసిబెల్స్ తక్కువ, 70 హెర్ట్జ్ సుమారు 5 తక్కువ. రెండూ దాదాపు సమానం అవుతాయి, మీకు కావాల్సింది అదే. ఇంకా వెనక్కి 12 అడుగులకి వెళ్తే 70 హెర్ట్జ్ నల్‌లో పడతారు. ఇది గోడలు గట్టిగా ఉన్న గదికి కాగితం లెక్క. తలుపులు, అద్దాలు, తేలిక గోడలు ఉంటే అంకెలు కొంచెం అటూ ఇటూ జరుగుతాయి, కాబట్టి పది అడుగుల నుంచి పదకొండు దాకా ఆరేసి అంగుళాలు జరుపుతూ వినండి.

సబ్ గోడకి మూడడుగుల ఇవతల ఉండటం ఇంకో తప్పు. సబ్ వెనకున్న టీవీ గోడని తగిలి తిరిగొచ్చిన శబ్దం, దూరం పావు తరంగదైర్ఘ్యం అయినచోట నేరుగా వచ్చేదాన్ని కోసేస్తుంది. మూడడుగులకి అది 94 హెర్ట్జ్ చుట్టుపక్కల, సరిగ్గా క్రాసోవర్ (స్పీకర్ల బేస్‌ని సబ్‌కి అప్పగించే ఫ్రీక్వెన్సీ) దగ్గర. గోడకి అడుగులోపు తెస్తే ఆ డిప్ సబ్ వాడే పరిధి దాటి పైకి వెళ్లిపోతుంది. పోర్ట్ వెనక ఉంటే కనీసం పోర్ట్ వ్యాసమంత ఖాళీ వదలండి, లేకపోతే గాలి బుసబుసలాడుతుంది.

తీగెలమూట:

దాసు గారు చెప్పింది సరే, కానీ కొనడం గురించి అడిగారు కదా. సినిమాలే ఎక్కువంటే నా ఓటు 12 పోర్టెడ్‌కే.

పోర్ట్ ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ దగ్గర శబ్దంలో ఎక్కువ భాగం పోర్టే ఇస్తుంది, కోన్ పెద్దగా కదలదు. అందుకే అదే ఆంప్‌తో 20–30 హెర్ట్జ్ మధ్య పోర్టెడ్‌కి సీల్డ్‌కన్నా బలం ఎక్కువ. దానికి బదులుగా రెండు నష్టాలు: డబ్బా పెద్దది, ట్యూనింగ్ కింద ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 24 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. అక్కడ కోన్‌కి పట్టు ఉండదు, ఊరికే ఊగుతుంది. మంచి సబ్‌లో దాన్ని కాపాడే హై-పాస్ ఫిల్టర్ (మరీ కింది స్వరాల్ని ఆపేది) ఉంటుంది. చౌక వాటిలో అది ఉండదు, గట్టి పేలుడు సీన్‌లో "టక్" మని కాయిల్ కొట్టుకుంటుంది. సీల్డ్ ఆక్టేవ్‌కి 12 చొప్పునే తగ్గుతుంది. దానికితోడు గది మొదటి మోడ్ కింద, అంటే మీకు 35 కింద, మూసిన గది కొంత బేస్‌ని తనే పెంచి ఇస్తుంది, కాబట్టి చిన్న గదిలో సీల్డ్ అనుకున్నదానికన్నా లోతుకి వెళ్తుంది. మీ గది హాల్లోకి తెరుచుకుని ఉంటే మాత్రం ఆ సాయం ఆశించకండి. సబ్‌కి తలుపు కనపడదు, హాలు కూడా దాని గదే.

స్పెసిఫికేషన్ చదివేటప్పుడు "20 హెర్ట్జ్ నుంచి" అని రాసి పక్కన "ప్లస్ మైనస్ 3 డెసిబెల్స్" లేకపోతే ఆ అంకెకి విలువ లేదు. వాట్స్‌లో పీక్ వదిలేసి ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే పవర్) చూడండి. వాట్స్ రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్సే.

మైకు_మూర్తి:

తీగెలమూట గారూ, ఈ గదికి మీ ఓటుతో ఏకీభవించను. 12 అంగుళాల కోన్ వైశాల్యం సుమారు 500 చదరపు సెంటీమీటర్లు, 10 అంగుళాలది సుమారు 330. రెండు పదులు కలిస్తే 660. కోన్ ముందుకీ వెనక్కీ కదిలే దూరం ఒకేలా ఉంటే తోసే గాలి ఒక పన్నెండుకన్నా రెండు పదులదే ఎక్కువ. 25 హెర్ట్జ్ కింద పోర్టెడ్‌దే పైచేయి అని ఒప్పుకుంటాను. కానీ ఈయన బాధ 35–70 మధ్య, అది ఒక సబ్‌తో అన్ని సీట్లకీ తీరదు.

రెండింటిని ముందు గోడ మధ్యలో ఒకటి, వెనక గోడ మధ్యలో ఒకటి పెడితే 35 హెర్ట్జ్ మోడ్‌ని ఇద్దరూ చెరో చివర నుంచి ఎదురెదురుగా తోస్తారు, అది లేవదు. రెండూ వెడల్పుకి మధ్యలో ఉన్నాయి కాబట్టి 47 కూడా లేవదు. ఆడియో కంపెనీ హర్మన్‌లో టాడ్ వెల్టి 2002లో ప్రచురించిన పేపర్‌లో ఎదురెదురు గోడల మధ్యలో పెట్టిన రెండు సబ్‌లకి మంచి మార్కులే పడ్డాయి. రెండూ ముందు మూలల్లో పెడితే వెడల్పు మోడ్ ఒక్కటే రద్దవుతుంది, మీ అసలు తలనొప్పి 35 అలాగే ఉంటుంది. ఒక హెచ్చరిక: ముందు-వెనక అమరికలో 70 రద్దు కాదు, ఇద్దరూ కలిసి దాన్ని ఇంకా తోస్తారు. అందుకే రెండు కొన్నా సోఫా జరపాల్సిందే.

రెండూ ఒకే మోడల్ అయి తీరాలి. పాత 8 అంగుళాలది, కొత్తది కలిపి నెట్టుకొద్దాం అనుకోకండి. ట్యూనింగ్ దగ్గర ఒక్కోదాని ఫేజ్ (తరంగం లేచి పడే సమయం) ఒక్కోలా తిరుగుతుంది, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి తినేస్తాయి.

వూఫర్_వేట:

వెనక గోడ సరిగ్గా మధ్యలో తలుపు ఉంది. అప్పుడేం చేయాలి? ఒకవేళ ఇప్పటికి ఒక్కటే కొంటే చోటు ఎలా వెతకాలి?

మైకు_మూర్తి:

తలుపు పక్కకి రెండడుగులు జరపండి. పొడవు మోడ్ రద్దు కావడానికి ఏ అడ్డమూ లేదు, వెడల్పు మోడ్ కొంచెం లేస్తుంది, అంతే. ఎదురెదురు మూలలు, అంటే ముందు ఎడమ, వెనక కుడి కూడా పనిచేస్తాయి. 35, 47 రెండూ రద్దవుతాయి. కానీ ఆ రెండూ కలిసిన 59 హెర్ట్జ్ మోడ్ గట్టిగా లేస్తుంది. అది పీక్ కాబట్టి ఈక్వలైజర్‌తో కోయొచ్చు. పీక్‌ని కోయడం సులువు, నల్‌ని పూడ్చడమే కుదరదు. మీకు వెనక కుడి మూల పక్కింటి గోడ, కాబట్టి తలుపు పక్కనే మేలు.

ఒక్కటే అయితే తిరగేసి వెతకండి. సబ్‌ని ఎత్తి సోఫాలో, మీరు కూర్చునే చోట, చెవి ఎత్తుకి దగ్గరగా పెట్టండి. 30 నుంచి 100 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పాకే టోన్ (స్వీప్), లేదా మెట్లు మెట్లుగా దిగే బేస్ గిటార్ ట్రాక్ ప్లే చేయండి. మీరు గోడల వెంట మోకాళ్ళ మీద పాకుతూ, చెవి సబ్ కోన్ ఉండే ఎత్తులో పెట్టి వినండి. నిలబడి వింటే లాభం లేదు, నేల దగ్గర వినపడేది వేరు. ఎక్కడ ఎక్కువ మోగింది అని చూడకండి. ఎక్కడ అన్ని స్వరాలూ సమానంగా వినిపించాయో ఆ చోట చాక్‌తో గీత పెట్టండి. అలాంటివి రెండు మూడు దొరుకుతాయి. సబ్‌ని అక్కడికి మార్చి సోఫాలో విని తేల్చుకోండి. మూలలో పెడితే రెండు గోడలు, నేల కలిసి శబ్దం బాగా పెంచుతాయి, కానీ అన్ని మోడ్‌లూ పూర్తిగా లేస్తాయి. చిన్న సబ్ పెద్ద గదిలో ఉంటే ఆ బేరం నష్టం కాదు.

రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలిచే సాఫ్ట్‌వేర్ ఉచితం, యూమిక్-1 లాంటి యూఎస్‌బీ మైక్ ఉంటే పాకడం తప్పుతుంది. 15 నుంచి 200 హెర్ట్జ్ స్వీప్, స్మూతింగ్ (గ్రాఫ్ గీతని నున్నచేయడం) లేకుండా, కనీసం మూడు సీట్లలో. ఒక్క సీటు గ్రాఫ్ చూసి మురిసిపోవద్దు.

డెసిబెల్_దాసు:

సెట్టింగ్స్‌లో జనం తప్పులు చేసేది ఎక్కువగా ఇక్కడే.

సబ్ వెనక ఉన్న లో-పాస్ నాబ్ (పై స్వరాల్ని కోసేది) పూర్తిగా పైకి తిప్పండి, లేదా "ఎల్‌ఎఫ్‌ఈ" స్విచ్ వేయండి. క్రాసోవర్ పని రిసీవర్‌ది. ఇక్కడ 80, అక్కడ 80 పెడితే రెండు ఫిల్టర్లు ఒకదానిమీద ఒకటి పడి 80 దగ్గర గుంట పడుతుంది. రిసీవర్‌లో అన్ని స్పీకర్లూ "స్మాల్" (వాటి బేస్ సబ్‌కి వెళ్లే సెట్టింగ్), క్రాసోవర్ 80. మీ 5 అంగుళాల వూఫర్లు గట్టిగా వింటే కష్టపడతాయి, అప్పుడు 90 లేదా 100. 100 దాటితే సబ్ ఎక్కడుందో చెవికి తెలిసిపోవడం మొదలవుతుంది, ముఖ్యంగా వెనక గోడ దగ్గరిది. "ఎల్‌ఎఫ్‌ఈ లో-పాస్" అని వేరే సెట్టింగ్ ఉంటే దాన్ని 120లోనే ఉంచండి. అది సినిమాలోని ప్రత్యేక బేస్ చానల్‌కి, స్పీకర్ క్రాసోవర్‌కి సంబంధం లేదు.

ఆటో కాలిబ్రేషన్ (రిసీవర్ మైక్‌తో తనే కొలిచి సర్దుకోవడం) అయ్యాక సబ్ దూరం టేప్‌తో కొలిస్తే 8 అడుగులు, రిసీవర్ 14 అని చూపిస్తుంది. "తప్పు" అని దిద్దకండి. సబ్ లోపలి ఎలక్ట్రానిక్స్ ఆలస్యాన్ని కూడా అది దూరంగానే లెక్కేస్తుంది. సబ్ లెవెల్ మైనస్ 12కి వెళ్లి ఆగిందంటే సబ్ మీది గెయిన్ (వాల్యూమ్ నాబ్) ఎక్కువైంది, తగ్గించి మళ్ళీ చేయండి.

చివరికి ఫేజ్. 80 హెర్ట్జ్ టోన్ రెండు ముందు స్పీకర్లకీ వెళ్లే ఫైల్‌గా ప్లే చేయండి, సబ్ కూడా మోగుతూ ఉండాలి. మీరు సోఫాలో, ఇంకొకరు సబ్ ఫేజ్ నాబ్ దగ్గర. ఎక్కువ ఎక్కడో వెతకడంకన్నా తక్కువ వెతకడం తేలిక. శబ్దం బాగా సన్నబడిన చోట ఆపి, పోలారిటీ (తరంగాన్ని తలకిందులు చేసే) స్విచ్ తిప్పండి. సబ్‌కి 0, 180 స్విచ్ మాత్రమే ఉంటే రిసీవర్‌లో సబ్ దూరం అడుగు చొప్పున మార్చండి. 80 హెర్ట్జ్ తరంగం పొడవు 14 అడుగులు, కాబట్టి 7 అడుగుల మార్పు అంటే 180 డిగ్రీలు.

తీగెలమూట:

"గుయ్" సంగతి. సబ్ పోలేదు, చాలావరకు గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్‌ల మధ్య కరెంట్ తిరగడం). సబ్ దగ్గర ఆర్‌సీఏ కేబుల్ (రిసీవర్ నుంచి సిగ్నల్ తెచ్చేది) పీకండి. మోత ఆగకపోతే లోపలి ఆంప్‌ది. ఆగితే లూప్. కేబుల్ మళ్ళీ పెట్టి, రిసీవర్‌కి గానీ టీవీకి గానీ వచ్చే యాంటెన్నా లేదా కేబుల్ టీవీ కోయాక్సియల్ తీసి చూడండి. తరచుగా దొంగ అదే. తర్వాత సబ్, రిసీవర్ రెండింటినీ ఒకే ప్లగ్ బోర్డ్‌కి మార్చండి. అప్పటికీ ఉంటే ఆర్‌సీఏ లైన్‌లో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. ఎర్త్ పిన్ పీకేయమని ఎవరైనా చెబితే వినకండి. లోపల ఏదైనా షార్టయితే సబ్ మెటల్ ప్లేట్ మీదకి కరెంట్ వస్తుంది.

పక్క ఫ్లాట్ కోసం: సబ్ కింద రబ్బర్ లేదా నురుగు ప్యాడ్ పెడితే నేలలోకి పోయే అదురు తగ్గుతుంది, గాలిలో వెళ్లే బేస్ తగ్గదు. కుడి గోడకి ఆనించకండి, రాత్రి సబ్ లెవెల్ 5–6 డెసిబెల్స్ తగ్గించండి. గోడకి నురుగు చదరాలు అతికించడం 35 హెర్ట్జ్‌కి వృథా. ఆ తరంగంలో పావు వంతే 8 అడుగులు, రెండంగుళాల నురుగు దానికి లెక్కే కాదు.

వూఫర్_వేట:

ముందు సోఫా జరిపి చూస్తాను, తర్వాత రెండు పదులు. రిసీవర్‌లో సబ్ అవుట్ ఒక్కటే ఉంది, వెనకదానికి కేబుల్ దాదాపు 30 అడుగులు కావాలి. ఫర్వాలేదా?

మైకు_మూర్తి:

ఫర్వాలేదు. మంచి షీల్డ్ ఉన్న ఆర్‌సీఏ అయితే 30 అడుగులకి బేస్ తగ్గదు. పవర్ కేబుళ్ళతో కలిపి కట్టకుండా లాగండి. రిసీవర్ దగ్గర వై-స్ప్లిటర్ (ఒక అవుట్‌ని రెండుగా చీల్చేది) చాలు.

లెవెల్ మాత్రం సోఫాలో కూర్చుని సమం చేయకండి. వెనకది దగ్గర కాబట్టి దాన్ని తగ్గించేస్తారు, అప్పుడు 35 హెర్ట్జ్ సగమే రద్దవుతుంది. రెండింటినీ పక్కపక్కన ఒకే చోట పెట్టి, ఒక్కోదాన్ని విడిగా పింక్ నాయిస్‌తో (అన్ని స్వరాలూ కలిసిన హోరు) మోగించి, మీటర్‌లో రెండూ ఒకే అంకె చూపేలా గెయిన్ నాబ్‌లు పెట్టండి. తర్వాత నాబ్‌లు ముట్టుకోకుండా వాటి చోట్లకి మార్చి, రెండింటినీ ఒకే సబ్‌గా లెక్కేసి ఆటో కాలిబ్రేషన్ నడపండి. ఫేజ్ నాబ్ రెండింటికీ ఒకేచోట ఉండాలి, మార్చాలంటే రెండూ కలిపే మార్చండి.