కొత్త ఇంటికి లాన్ కేబుల్ లాగించాలా, వైఫై చాలా?

కొత్తిల్లు_కరీంనగర్:
జీ ప్లస్ వన్ కడుతున్నాం. పైపుల కోసం గోడల కటింగ్ నడుస్తోంది, వచ్చే వారం ప్లాస్టరింగ్. ప్రతి గదికీ లాన్ పాయింట్, అంటే నెట్ కేబుల్ గుచ్చే సాకెట్, పెట్టిద్దామని నేను. "అంతా వైఫైయే కదరా, ఇంకా వైర్లెందుకు?" అని నాన్న. ఎలక్ట్రీషియన్ కూడా ఆయన వైపే. మీరేమంటారు?

గాల్లో_నెట్:
నాన్నగారిదే రైట్. ఫోన్లకు, ట్యాబ్‌లకు లాన్ పోర్టే ఉండదు. టీవీలో 4కె సినిమాకు 25 ఎంబీపీఎస్ చాలు, 5 గిగాహెర్ట్జ్ వైఫై అదే గదిలో దానికి ఎన్నో రెట్లు ఇస్తుంది. పై అంతస్తులో ఒక మెష్ యూనిట్ (కింది రౌటర్‌తో కలిసి అదే వైఫైని పంచే పెట్టె) పెట్టుకోండి, అయిపోతుంది.

పాతతీగ:
"అదే గదిలో" అన్నారు చూశారా, గొడవంతా అక్కడే ఉందండీ. 5 గిగాహెర్ట్జ్ రెండు ఇటుక గోడలు దాటేసరికే నీరసపడుతుంది, ఇక ఇనుప చువ్వలున్న స్లాబ్ సంగతి చెప్పక్కర్లేదు. వైఫై వాడే ఇంకో ఫ్రీక్వెన్సీ 2.4 గిగాహెర్ట్జ్ కాస్త మెరుగ్గా దాటుతుంది గానీ, అందులో ఒకదానికొకటి అడ్డం పడని ఛానెళ్లు మూడే: 1, 6, 11. చుట్టుపక్కల ఇళ్లన్నీ వాటి మీదే. మెష్‌లో పై యూనిట్‌కు డేటా కింది నుంచి గాల్లోనే రావాలి. ఆ దారి బలహీనంగా ఉంటే ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగానే కనిపిస్తాయి, వీడియో మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ రెండు యూనిట్ల మధ్య ఒక్క కేబుల్ వేయండి, తేడా మీకే తెలుస్తుంది.

గాల్లో_నెట్:
ఆ ఒక్కటీ ఒప్పుకుంటా. ప్రతి గదికీ దేనికి? మా అపార్ట్‌మెంట్‌లో బిల్డర్ పెట్టిన లాన్ పాయింట్లు మంచాల వెనక దుమ్ము తింటున్నాయి.

పాతతీగ:
పడక గదులకు ఖాళీ పైపు వేసి వదిలేయండి, కేబుల్ తర్వాత లాగొచ్చు. టీవీ, ఆఫీసు పని చేసుకునే టేబుల్, పై అంతస్తు వైఫై యూనిట్, సీసీ కెమెరాలు: కదలని వీటికి ఇప్పుడే లాగించండి. వైఫై కెమెరాకైనా కరెంటు వైరు తప్పదు కదా! పీఓఈ కెమెరాకైతే కరెంటు, డేటా రెండూ ఒకే లాన్ కేబుల్‌లో వెళ్తాయి.

క్యాట్ 6 రకం కేబుల్ తీసుకోండి, 100 మీటర్ల దాకా గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వస్తుంది. చౌకగా దొరికే కొన్ని కేబుళ్లలో ఉండేది రాగి పూత వేసిన అల్యూమినియం. తీగ కొన గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది, అది వద్దు. చివర ఎనిమిది తీగలూ బిగించాలి. కొందరు నాలుగే బిగించి వెళ్లిపోతారు, అప్పుడు 100 ఎంబీపీఎస్ దాటదు.

కొత్తిల్లు_కరీంనగర్:
కెమెరాల మాట వినగానే నాన్న మెత్తబడ్డారు. కానీ ఎలక్ట్రీషియన్ "కరెంటు పైపులోనే కలిపి లాగేద్దాం సార్, ఖర్చు తగ్గుతుంది" అంటున్నాడు?

పాతతీగ:
అస్సలు ఒప్పుకోవద్దండీ. సిగ్నల్ చెడడం ఒక ఎత్తు, లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ దెబ్బతింటే 230 వోల్టులు నేరుగా మీ టీవీ పోర్టులోకి వస్తాయి. వేరే పైపు, వేరే బాక్సు.

గాల్లో_నెట్:
దీనికి మాత్రం నేనూ పాతతీగ గారి వైపే. పడక గదుల్లో పైపులూ దండగే అని ఇప్పటికీ అంటా.